నీళ్లు పోసినవాళ్ల వాటా

బుతానా మైదానం, కొత్త ఊరు
1965 ఫిబ్రవరి 20

చెల్లి నబ్రాకు,

అన్న దహబ్ సలాం. నేను బతికే ఉన్నాను. మీ వదిన ఆషా బతికే ఉంది. మిగతా సంగతులు వరసగా చెబుతాను.

నా రాత కోడి కెలికినట్టుందని నవ్వకు. నీకు స్టీమరు గుమాస్తా మొగుడు దొరికాడు, పోయేలోపు నీకు అక్షరాలు నేర్పి పోయాడు. నాకు నేర్పింది మసీదు పలక. అదీ సగంలో పగిలింది.

రైలు దిగాక సర్కారువాళ్లు మమ్మల్ని లారీల్లో తెచ్చి ఊరు చూపించారు. ఊరికి పేరు లేదు, నంబరు ఉంది. ఇంటికీ నంబరే. అన్నీ ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లా ఉన్నాయి. మొన్న ఆషా పొరపాటున పక్కింట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చుని, "నా పెనం ఎవరు తీశారే?" అని ఆ ఇంటివాళ్లనే కేకలేసింది. వాళ్లు పాపం ఇల్లు తమది కాదేమోనని లేచి నిలబడ్డారు.

ఇక్కడ నది లేదు. కాలువ ఉంది. కాలువకు తూము, తూముకు తలుపు, తలుపుకు తాళం. తాళంచెవి కాలువ కాపలా లస్కరు జేబులో. లస్కరు మీద ఇన్‌స్పెక్టరు. ఆయన మీద ఉన్నవాళ్లు మనకు కనపడరు. మన ఊళ్లో నీళ్లు కావాలంటే నీళ్లు తోడే చక్రం దగ్గర ఎద్దును అదిలించేవాళ్లం. ఇక్కడ మనిషిని బతిమాలాలి. ఎద్దే నయం, దానికి గడ్డి వేస్తే చాలు.

నేల నల్లరేగడి. ఎండితే కాలు దిగేంత బీటలు, తడిస్తే చెప్పు వదలదు. పత్తి, గోధుమ, వేరుశనగ. వాళ్లు చెప్పిన మడిలో వాళ్లు చెప్పింది వేయాలి. సరే, వేస్తాను. కానీ నబ్రా, ఇంత నేల మీద ఒక్క ఖర్జూరపు చెట్టు లేదు. కళ్లెత్తితే ఆకాశం దాకా అడ్డమనేది లేదు. చూపు ఎక్కడ ఆనించాలో తెలియక తల నొప్పెడుతుంది.

నువ్వు పంతం మాని వచ్చెయ్. నదికి అడ్డంగా ఆనకట్ట కట్టినవాళ్లు నీ కోసం నీళ్లు ఆపరు. ఇవాళ కాకపోతే వచ్చే ఏడు మన ఊరు మునుగుతుంది. రానంటావా, అమ్మ ఖర్జూరం చెట్టు పిలక ఒకటన్నా పంపు. మన పిన్ని కొడుకు షౌకీ రైల్లో గార్డుగా తిరుగుతున్నాడు కదా, వాడి చేతికివ్వు.

మన కట్టుబాటు నేను మరిచిపోలేదు. ఏ ఖర్జూరానికైనా నేల ఇచ్చినవాళ్లకు ఒక వాటా, పిలక ఇచ్చినవాళ్లకు ఒక వాటా, నీళ్లు పోసినవాళ్లకు ఒక వాటా. ఇక్కడ నేల సర్కారుది. సర్కారు గెల అడగడానికి వస్తే అప్పుడు చూద్దాం. పిలక వాటా నీది. నీళ్ల వాటా నాది.

ఇట్లు, నీకంటే ముందు పుట్టినవాడు,
దహబ్

*

మన ఊరు
1965 జూన్ 11

అన్నయ్యా,

నీ ఉత్తరం సగం చదివాను, సగం ఊహించుకున్నాను. వదిన పెనం సంగతి మాత్రం స్పష్టంగా అర్థమైంది. వదినకు ముద్దులు.

నీళ్ల కోసం నువ్వు మనిషిని బతిమాలుతున్నావా? ఇక్కడ నీళ్లే మా గుమ్మం పట్టుకుని బతిమాలుతున్నాయి, లోపలికి రానివ్వమని. చలికాలంలో మెట్టు దాకా వచ్చాయి. ఎండలకు వెనక్కి తగ్గాయి. మళ్లీ వస్తాయని తెలుసు. మిగిలిన నాలుగు కొంపలవాళ్లం కొండ పక్కకు జరిగి రాళ్లతో గుడిసెలు వేసుకున్నాం.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. రేడియోలో రోజూ చెబుతున్నారు, ఆ మైదానం పచ్చబడిందనీ, కాలువలు నిండుగా పారుతున్నాయనీ, మన హల్ఫా ఊళ్ల నుంచి పోయినవాళ్లు సుఖంగా ఉన్నారనీ. నువ్వేమో తాళం అంటావు, బతిమాలడం అంటావు. రేడియోది అబద్ధమా, నీదా? నాకు జాలి పుట్టించి రప్పించుకుందామని చూస్తున్నావని నా అనుమానం. చిన్నప్పుడు పల్లం నుంచి బిందె మొయ్యలేక కాలు బెణికిందని కుంటేవాడివి. ఆ నడక నాకింకా గుర్తుంది.

పిలక పంపుతున్నాను. నీళ్లు తగ్గగానే తొడల దాకా బురదలో దిగి గునపంతో తీశాను. అమ్మ చెట్టు మానుకు నాచు పట్టింది, అయినా నిలబడే ఉంది. తడి గోనెలో చుట్టాను. దారిలో తడుపుతూ ఉండమని షౌకీకి మూడుసార్లు చెప్పాను. వాడు నాలుగోసారి, "అక్కా, టిక్కెట్టు లేని ఈ ప్రయాణికుడికి టీ కూడా ఇప్పించమంటావా?" అన్నాడు.

ఇక నేను రావడం. అమ్మ సమాధి తల దగ్గర గిన్నెలో నీళ్లు ఎవరు పోస్తారు? నువ్వు రైలెక్కేముందు నింపిపోయావు. ఆ నీళ్లు వారానికే ఆరిపోయాయి. అప్పటినుంచీ నేనే నింపుతున్నాను. అందుకని ఇదే నా మాట: నీ కాలువ గట్టున అమ్మ చెట్టు పువ్వు తొడిగి గెల కట్టిన ఏడు వస్తాను. అంతకు ముందు రాను. చెట్టు బతికే చోటైతే నేనూ బతుకుతాను.

చెల్లెలు,
నబ్రా

*

బుతానా
1966 ఏప్రిల్ 2

నబ్రాకు,

రేడియోకి పొలం లేదు. నాకుంది. ఎవరిది అబద్ధమో నువ్వే తేల్చుకో. కుంటడం సంగతి యాభై ఏళ్లైనా వదలవు, నువ్వు మనిషివి కాదు, పాత లెక్కలు దాచే షరాబువి.

పిలక బతికింది. పొలం అంచున బోదె కాలువ పక్కనే పాతాను. ఆకు విచ్చింది. నేను చేత్తో పాతింది బతక్కపోతే ఎలా?

ఇక్కడి ఇన్‌స్పెక్టరు ఒక కుర్రాడు, ఖార్తూమువాడు, మోటారు సైకిలు మీద వస్తాడు. వచ్చి, "పెద్దాయనా, ఇదేమిటి?" అన్నాడు.

"చూస్తే తెలియడం లేదా? ఖర్జూరం."

"పంటల పట్టీలో ఖర్జూరం లేదండీ."

"పట్టీలో నేనూ లేను. నన్ను తెచ్చి ఇక్కడ నాటలేదా?"

వాడు నవ్వాడు. "సరే, నేనిటు రాలేదు, మీరు నాటలేదు. కానీ మీ పొలం తూము మీ చేతిలోదే, సాయంత్రం మాత్రం దాన్ని మూయండి. పగలు మీరు తడుపుకోవాలి, రాత్రి కాలువ నిండాలి. అలా నిండితేనే పొద్దున శివారు పొలాలకు నీళ్లు ఎక్కుతాయి. ఈ కాలువను అలా లెక్కేసి కట్టారు."

"నది రాత్రి పడుకుంటుందా, బాబూ?"

"ఇది నది కాదండీ."

నది కాదనే కదా నా ఏడుపు. నది రేపు కూడా ఉంటుంది. దీన్ని ఇవాళ మూస్తే రేపు వస్తుందని ఎవరు పూచీ? మా వంతు రోజున చుక్క రాని వారాలు చూశాను. కాలువలో తుంగ పెరిగింది, అడుగున పూడిక పడింది. అందినప్పుడే పట్టుకోవాలి. మా వరసలో అందరం తూములు తెరిచే పడుకుంటున్నాం. నీళ్లు పారుతున్న చప్పుడు వింటేనే ఆషాకు నిద్ర పడుతుంది. నది ఒడ్డున పుట్టినది కదా.

ఎండలు ముదిరితే కాలువ నీళ్లు పూర్తిగా కట్టేస్తారట. ఆ నెలల్లో పత్తి ఉండదు, నీళ్లెందుకంటారు. చెట్టుకు కావాలి కదా అన్నాను. చెట్టు పట్టీలో లేదు కదా అన్నారు. అందుకని చెట్టు పక్కన గొయ్యి తవ్వాను. రాత్రి నీళ్లన్నీ అందులోకి తిప్పుతున్నాను.

చెట్టు పెరుగుతోంది. మూట కట్టుకోవడం మొదలుపెట్టు.

దహబ్

*

బుతానా
1967 సెప్టెంబరు 9

నబ్రా,

ఆషా పోయింది. వానల్లో జ్వరం వచ్చింది. ఈ మైదానంలో దోమలు మనుషులకంటే ముందే పుట్టాయి. ఆస్పత్రికి తీసుకుపోదామంటే బురదలో లారీ కదలలేదు.

తల దగ్గర గిన్నె పెట్టాను. కాలువ నీళ్లే పోస్తున్నాను. పైనుంచి వచ్చే మట్టి కలిసి ఎర్రగా ఉంటాయి. నది నీళ్లు కావని మొహం తిప్పుకుంటుందేమో తెలియదు.

చెట్టు బాగుంది.

దహబ్

*

కొండ పక్క
1967 నవంబరు 30

అన్నయ్యా,

నీ ఉత్తరం రాగానే ఇక్కడ ఉన్న ఆడవాళ్లందరం నది దగ్గరికి వెళ్లి వదిన పేరున జొన్నలు వదిలాం. నది అంటున్నాను, అలవాటు. ఇప్పుడది చెరువో సముద్రమో, ఆ ఒడ్డు కనపడదు.

గిన్నెలో ఏ నీళ్లైనా నీళ్లే. వదిన మొహం తిప్పుకోదు. నలభై ఏళ్లు నీ వంట విమర్శలు విన్న మనిషి, ఎర్ర నీళ్లకు అలుగుతుందా?

రమ్మని ఈసారి నువ్వు అడగలేదు. అది గమనించాను. ఒంటరిగా ఉండి గంజి తాగి పడుకోకు. జొన్న రొట్టె కాల్చుకోవడం రాకపోతే పక్కింటివాళ్ల పొయ్యి దగ్గరికి పో. ఎలాగూ ఇళ్లన్నీ ఒకటేనన్నావుగా.

నబ్రా

*

బుతానా
1968 ఫిబ్రవరి 17

నబ్రాకు,

నా నెత్తురు ఉడికిపోతోంది. ఒంటె చెట్టును తినేసింది.

మా కాలువ శివారున బాబికిర్ అని ఒకడున్నాడు. ఒంటెల కాపరి. కాలువ రాకముందు ఈ మైదానమంతా వాళ్ల మేత బీడు. సర్కారు వాడికీ ఒక పొలం ఇచ్చి రైతువు కమ్మంది. వాడు రైతూ కాలేదు, ఒంటెల్నీ మానలేదు. నిన్న పొద్దున నేను పోయేసరికి వాడి ఒంటె నా గట్టు మీద నిలబడి, పెళ్లిభోజనానికి వచ్చినట్టు నెమ్మదిగా నములుతోంది. పచ్చటి ఆకు ఒక్కటి మిగల్లేదు. మొద్దు మిగిలింది.

కర్ర పట్టుకుని వాడి పొలానికి పోయాను. "నీ ఒంటె నా చెట్టు తిన్నది!" అన్నాను.

వాడు కూర్చున్నవాడు లేవలేదు. "నీ చెట్టు నా గోధుమ తిన్నది" అన్నాడు.

"చెట్టు గోధుమ తింటుందటరా, పిచ్చోడా?"

"కళ్లుంటే చూడు, ముసలాయనా. నువ్వు రాత్రంతా తూము తెరిచి గుర్రు పెడతావు. పొద్దున్నే నా బోదెలోకి కప్పలు నడిచొస్తాయి. నీళ్లు రావు."

చూశాను. గోధుమ జానెడు ఎత్తున ఎండిపోయి ఉంది. అయితే? ఆ ఎండ నేను పెట్టానా? మా వరసలో అందరూ తెరుస్తారు, నా ఒక్కడి తూమేనా వీడికి కనపడింది? కర్ర ఎత్తాను. చుట్టుపక్కలవాళ్లు పట్టుకున్నారు. ఇప్పుడు సభ పెడతారట, ఇన్‌స్పెక్టరు కూర్చుంటాడట. కూర్చోనీ. వాడి ఒంటెను అమ్మించి తీరుతాను.

అమ్మ చెట్టు బిడ్డ అది. నువ్వు బురదలో దిగి తీసింది.

దహబ్

*

కొండ పక్క
1968 మే 4

అన్నయ్యా,

చెట్టు పోయిందన్నమాట.

నీ ఉత్తరం అందిన రోజే మడిచి, గట్టు మీది అమ్మ సమాధి దగ్గరికి పోయి చెప్పాను. అమ్మ చెట్టు ఈ చలికాలంలో మునిగింది. తల మాత్రం కొన్నాళ్లు నీళ్ల మీద ఊగింది, తర్వాత అదీ లేదు. అంటే ఇక్కడా లేదు, అక్కడా లేదు.

నిన్ను తిట్టను. ఆ ఒంటెనూ తిట్టను, ఆకలైన జంతువు. కానీ నా మాటకు ఇక ముడి తెగింది. గెల కట్టదు, నేను రాను. ఎదురుచూడకు. నీకు చెప్పలేదు గానీ, పోయిన ఏడు మూట కట్టి పెట్టుకున్నాను. మొన్న విప్పేశాను.

నబ్రా

*

బుతానా
1968 జూన్ 1

నబ్రా!

చెట్టు పోయిందని ఎవరన్నారు? ఒంటె ఆకులు తిన్నదన్నాను గానీ చెట్టు చచ్చిందని ఎక్కడైనా రాశానా? మొవ్వు లోపల పచ్చగా ఉంది. వేలు పెట్టి చూశాను. కొత్త ఆకు కత్తిమొనలా లేస్తోంది. విప్పిన మూట మళ్లీ కట్టు. సగం చదివి సగం ఊహించుకోవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?

సభ సంగతి విను. రేకుల కొట్టం కింద కూర్చోబెట్టారు. టీ పోశారు. నేను ముందుగా మాట్లాడాను, గట్టిగా మాట్లాడాను. మన కట్టుబాటు కూడా చెప్పాను, ఖర్జూరమంటే ఇంటి చుట్టూ పెరిగే కలుపు కాదురా, దానికి వాటాదారులుంటారు, పిలక ఇచ్చిన నా చెల్లెలికి వాటా, నీళ్లు పోసిన నాకు వాటా, మా ఇద్దరికీ ఈ ఒంటెవాడు జవాబు చెప్పాలి అన్నాను. అందరూ తలలూపారు.

బాబికిర్ టీ చివరి చుక్క దాకా తాగాడు. గ్లాసు కింద పెట్టి, "మంచి కట్టుబాటు. నీళ్లు పోసినవాడికి వాటా అన్నావు కదా, ముసలాయనా. రాత్రి పూట నువ్వు పోసిన ఆ నీళ్లు ఎవరివి?" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కుర్రాడు తన గ్లాసులోకి చూసుకుంటున్నాడు. మా వరసవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

కట్టుబాటు నేను పుట్టించింది కాదు, నాకు అక్కర్లేనప్పుడు మడిచి పెట్టుకోవడానికి. అక్కడే చెప్పాను: "నీళ్ల వాటా బాబికిర్‌ది." వాడు ఆశ్చర్యపోయాడు. గొడవకు సిద్ధపడి వచ్చినవాడికి అదొక దెబ్బ.

అప్పటినుంచి సాయంత్రం తూము మూసేస్తున్నాను. ఆ కుర్రాడు చెప్పాడని కాదు. వాడు చెప్పింది తప్పని నేను ఇప్పటికీ అనను, ఒప్పని కూడా అనను. నా చెట్టు వాటాదారుడి పొలం ఎండితే నాకు పరువు తక్కువ. అంతే. మా వరసవాళ్లు నవ్వుతున్నారు. "దహబ్ మూస్తాడు, మన మడికి ఇంకాస్త ఎక్కువ పారుతుంది" అంటున్నారు. నేను మూసిన నీళ్లు బాబికిర్ దాకా పోకుండా దారిలోనే వాళ్లు తాగేస్తున్నారు. అది నాకు తెలుసు, వాడికీ తెలుసు.

ఇప్పుడు ఎండలకు కాలువ నీళ్లు కట్టేశారు. నా గొయ్యి అడుగంటింది. నిన్న బాబికిర్ ఎక్కడో బావి నుంచి రెండు తోలు తిత్తుల నీళ్లు తెచ్చి చెట్టు మొదట్లో పోశాడు. మోసుకొచ్చింది ఏదనుకున్నావు? ఆ ఒంటే. మూతికి చిక్కం కట్టి తెచ్చాడు.

మూట కట్టు.

దహబ్

*

బుతానా
1971 జనవరి 25

నబ్రాకు,

కూర్చుని చదువు.

చెట్టు పువ్వు తొడిగింది. ఆకుల మధ్య నుంచి రెండు పూత పొత్తులు బయటికొచ్చాయి, పిల్లవాడి మోచేతి అంత లావున. ఇంకొన్నాళ్లలో విచ్చుతాయి. నేను చెట్టు కింద నిలబడి పెద్దగా నవ్వాను. బాబికిర్ నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని తలమీద నీళ్లు పోయబోయాడు. "నా తలకెందుకురా, చెట్టుకి పొయ్యి" అన్నాను.

కానీ ఈ మైదానంలో పోతుచెట్టు లేదు. పుప్పొడి చల్లకపోతే గెల పిచ్చిదైపోతుంది, గింజ కట్టదు, కాయ పెరగదు. వెంటనే అక్కడి పోతుచెట్టు పూత కోసి, గుడ్డలో కట్టి షౌకీ చేత పంపు. ఆలస్యం చేయకు. పొత్తి విచ్చాక అది మన కోసం ఆగదు.

ఈ ఏడు నువ్వు రావాలి. మాట మాటే.

దహబ్

*

బుతానా
1971 ఏప్రిల్ 10

నబ్రా,

పుప్పొడి రాలేదు. ఉత్తరమూ రాలేదు. ప్రతి బండికీ స్టేషనుకు పోయాను. షౌకీ బండి దిగి నన్ను చూసి తల అడ్డంగా ఊపుతుంటే, చేతిలో జెండా లాక్కుని కొట్టాలనిపించింది.

పొత్తులు విచ్చాయి, ఎండాయి, రాలాయి. గెల పిచ్చిదైంది.

నాకు అర్థమైంది. గెల కడితే నువ్వు రావాల్సి వస్తుంది. అందుకని పంపలేదు. రానని మొహం మీద చెప్పలేక చెట్టు నోరు కట్టేశావు. నేను కుంటానని అన్నావు కదా. ఇప్పుడు కుంటింది ఎవరు?

ఇక రాయను.

దహబ్

*

కొండ మీద
1971 జులై 3

అన్నయ్యా,

నువ్వు రాయనన్నావు. నేను రాస్తాను. ఇంట్లో ఒకళ్లన్నా బుద్ధిగా ఉండాలి.

నీ జనవరి ఉత్తరం నాకు మార్చి చివర చేరింది. ఆ నెలల్లో ఇక్కడ ఇల్లు లేదు, చిరునామా లేదు. నీళ్లు గుడిసెల్లోకి వచ్చాయి. రాళ్లు మళ్లీ మోసుకుని ఇంకా పైకి ఎక్కాం. షౌకీ మమ్మల్ని పాత చోట వెతికి, అక్కడ నీళ్లు చూసి, ఉత్తరం జేబులో పెట్టుకుని వెనక్కి పోయాడట. రెండుసార్లు అలా తిరిగాడు. నీకు చెబితే భయపడతావని చెప్పలేదట. వాడి జెండా లాక్కుని నేనూ ఒకటి వేస్తాను.

మన ఊరి పోతుచెట్లన్నీ మునిగాయి. పై ఊళ్లో గట్టు మీద ఒకటి మిగిలింది. ఉత్తరం అందిన రోజే పోయాను. పూత అప్పటికే ఎండి రాలింది. చెట్టు కింద దుమ్ము చేత్తో ఎత్తి చూశాను, పనికిరాదు. నువ్వు స్టేషనులో నిలబడ్డావు, నేను చెట్టు కింద నిలబడ్డాను. చెట్టు నోరు ఎవరూ కట్టలేదు, అన్నయ్యా.

ఇంకో సంగతి. అమ్మ సమాధి కూడా మునిగింది. నీళ్లు వచ్చేముందు రోజు చివరిసారి గిన్నె నింపడానికి పోయాను. బిందె వంచబోయి ఆగాను. ఇక నింపక్కర్లేదు కదా. అమ్మ గిన్నె ఇప్పుడు ఎప్పటికీ నిండే ఉంటుంది.

కాబట్టి ఇక్కడ నాకు పని లేదు. వచ్చే ఏడు పై ఊరి పోతుచెట్టు పూత విచ్చగానే కోయించి, గుడ్డలో కట్టి, నా రొమ్ము దగ్గర పెట్టుకుని నేనే తెస్తాను. పోస్టునూ నమ్మను, షౌకీనీ నమ్మను. మూట కట్టాను. ఈసారి విప్పేది నీ ఇంట్లోనే. నంబరు ఎంతో రాయి, పక్కింట్లోకి పోయి కేకలేయకుండా.

నబ్రా

*

బుతానా
1972 మార్చి 14
(అత్‌బరా జంక్షనులో గార్డు షౌకీ చేతుల మీదుగా)

నబ్రాకు,

నువ్వు బండి ఎక్కావని షౌకీ తంతి కొట్టించాడు. చెట్టు ఈసారి మూడు పొత్తులు తొడిగింది. ఒకటి రేపో ఎల్లుండో విచ్చుతుంది. సరిగ్గా వేళకు వస్తున్నావు.

కానీ ఇక్కడికి వచ్చాక చూసి కూలబడడం కంటే దారిలోనే తెలియడం మంచిది. అందుకే జంక్షనుకు రాస్తున్నాను. చెప్పకుండా రప్పించుకోవడం నా వల్ల కాదు.

ఈ ఏడు కాలువ ముందే ఆగింది. వానలు తక్కువ, పైన జలాశయంలో పూడిక, కాలువలో తుంగ. ఏది ఎంతో నాకు తెలియదు. గోధుమకు చివరి తడి అందలేదు. మోటారు సైకిలు కుర్రాడు బదిలీ మీద పోయాడు. పోయేముందు చెట్టు దగ్గరికొచ్చి, "నేనిటు రాలేదు, పెద్దాయనా" అని చేయి కలిపాడు. కొత్తాయన జీపు దిగడు. శివారు పొలాలు ఈసారి పట్టీలోంచి తీసేస్తారని చెప్పుకుంటున్నారు. తర్వాత మా వరస కావచ్చు. మా వరసవాళ్లు ఇప్పుడు సాయంత్రం తూములు మూస్తున్నారు. మూయడానికి ఏమీ లేనప్పుడు అందరూ మంచివాళ్లే.

బాబికిర్ పోయాడు. పొలం వదిలేసి ఒంటెల్ని తోలుకుని వానలు పడే దిక్కుకు వెళ్లిపోయాడు. పోయే రోజు చెట్టు దగ్గర కూర్చుని, "నీళ్ల వాటా వదులుకుంటున్నా, ముసలాయనా. నీళ్లు పోయలేనివాడికి వాటా ఏమిటి?" అన్నాడు. "ఎక్కడున్నా గెల పంపిస్తాను, నోరు ముయ్యి" అన్నాను. "కట్టుబాటు నువ్వు చెప్పిందే కదా" అన్నాడు. వాడికి నేను నేర్పిందే వాడు నాకు అప్పజెప్పాడు. ఒంటె మాత్రం చెట్టు వైపు మెడ సాచి చూస్తూ పోయింది.

తాగే నీళ్లు లారీలో వస్తున్నాయి. రోజుకు మనిషికి ఒక కుండ. అందులోంచే చెట్టుకు పోస్తున్నాను. ఈ శుక్రవారం ఆషా గిన్నె నింపలేదు. ఆ నీళ్లు చెట్టు మొదట్లో పోశాను. పోసేముందు ఆమెను అడిగాను. ఏమీ అనలేదు. అనలేదంటే సరేనన్నట్టే. నలభై ఏళ్లు అలాగే కాపురం చేశాం.

చెట్టు బతుకుతుందని చెప్పలేను. గెల కట్టినా కాయ పండే వేళకు ఇక్కడ వానలు పడతాయి, కుళ్లుతాయేమో. నేను పాతింది బతక్కపోతే ఎలా అని అప్పుడు రాశాను. ఇప్పుడు అలా రాయను. ఇవన్నీ తెలిసి, వెనక్కి పోదామనిపిస్తే పో. వెనక్కి పోయే బండి కూడా అదే జంక్షనులో ఆగుతుంది. నేనేమీ అనుకోను. అనుకుంటాను, కానీ నీకు చెప్పను.

వస్తే మాత్రం ఖాళీ చేతులతో రాకు. అత్‌బరా స్టేషనుకు నది దగ్గరే. బాబికిర్ వదిలిన తోలు తిత్తి ఈ ఉత్తరంతో పాటే షౌకీకి పంపాను. దిగి నింపుకో. మన ఊరిని ముంచిన నీళ్లు ఆ దారినే పోయాయి. అందులోంచి ఒక తిత్తెడు ఇటు తెచ్చుకుంటే తప్పు లేదు.

పిలక వాటా ఎలాగూ నీదే. నీళ్లు పోసినవాళ్ల వాటా ఇప్పుడు ఖాళీగా ఉంది.

పుప్పొడి తడవనివ్వకు. నీళ్లు ఒలకనివ్వకు. స్టేషనులో ఉంటాను.

అన్న,
దహబ్